హుగ్లీ వైద్యశాలలో మోహనిద్ర

1845 ఏప్రిల్ 4వ తేదీన వంగదేశమునందలి హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అను స్కాట్లండు వైద్యుడు, శస్త్రచికిత్సచే బాధపడుచున్న యొక ఖైదీపై మెస్మరు పద్ధతిని ప్రయోగించెను. ఈథరును బోస్టనులో బహిరంగముగా చూపినది ఆ మరుసటియేడు అక్టోబరునందు. రోగిని నలుగురు బలవంతులు అదిమిపట్టి కోయుచుండిన దినములవి. అట్టి కాలమున ఎస్డెయిల్ రోగులు, పెద్ద పెద్ద కంతులు కోయుచున్నను మెదలక పడియుండి రనగా, నమ్మినవారును గలరు, నవ్వినవారును గలరు. 1846లో ప్రభుత్వము విచారణసంఘము నేర్పరచి, పిమ్మట కలకత్తాలో నొక చిన్న ఆసుపత్రిని ఆయన కొసగెను. 1847లో క్లోరోఫారము రాగా ఈ విద్య మూలబడినది.

వైద్యుని దేహమునుండి రోగి దేహమునకు ఏదో శక్తి ప్రవహించునని ఎస్డెయిల్ నమ్మెను. నేనా మాట నంగీకరింపజాలను. 1784లోనే పారిసునందు ఫ్రాంక్లిను, లవాజియే మొదలగువారి సంఘము అట్టి ద్రవము లేదని తేల్చినది. 1843లో జేమ్స్ బ్రెయిడ్ కారణమును రోగి నాడీమండలమునందే వెదకెను.

1997లో మాంట్రియలు పరిశోధకులు, వేడినీట చేయి యుంచినవారికి మోహనిద్రలో “ఈ బాధ అంత దుర్భరము కాదు” అను భావము కలిగించి వారి మెదడును పరీక్షించిరి. మెదడు ముందుభాగమున లోపలనున్న సింగ్యులేటు వల్కలమున వ్యాపారము మారెను. స్పర్శ నెరుగు భాగమున అట్టి మార్పు కానరాలేదు. వేడి తెలియుచునే యున్నది, “అయ్యో, నాకు!” అను ఆర్తి మాత్రము సడలినది. దేహమునకు తెలియుటయు, “నేను” బాధపడుటయు వేర్వేరు పనులన్నమాట!

ఐనను నా మనస్సు హుగ్లీ చెరసాలకే పోవుచున్నది. ఆ వైద్యునితో వలదని చెప్పుటకు ఖైదీ కెంత స్వాతంత్ర్య ముండెను? నొప్పి లేదన్న వాని మాటలో నిజమెంతయో, భయమెంతయో, నేడు విడదీయుట కష్టము.