మూర్ఛకు వచ్చిన పేర్లు, మచ్చకు దొరికిన పేరు

ఆయుర్వేదంలో మూర్ఛరోగానికి ‘అపస్మారం’ అని పేరు. స్మారమంటే స్మృతి, అది తొలగిపోవడమే అపస్మారం. లక్షణమంతా పేరులోనే ఇమిడి ఉన్నది. చరకసంహిత చికిత్సాస్థానంలో తొమ్మిదవ అధ్యాయం ఉన్మాదానిది, పదవది అపస్మారానిది. నిదానస్థానంలోనూ ఇవి పక్కపక్కనే, కాని వేరువేరుగానే ఉన్నాయి. పొరుగిళ్ళే గాని ఒకే ఇల్లు కాదు. మిత్రులు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికివస్తుంది.

మా తంగళ్ళపల్లి వైపు ‘ఫిట్స్’ అన్నదే వాడుక మాట. ఎవరైనా పడి కొట్టుకుంటుంటే చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ చిదిపేవారు. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాలలో తనంత తానే ఆగుతుంది. కీర్తి మాత్రం తాళంచెవికి దక్కేది. మళ్ళీ వస్తే తాయెత్తు. అప్పటికీ తగ్గకపోతే మానేరు దాటి సిరిసిల్ల, అక్కడినుంచి కరీంనగర్, చివరకు హైదరాబాదు. ఇదీ రోగి ప్రయాణం. ఆ ప్రయాణం చివర కూర్చున్న వైద్యులకు మాత్రం రోగం తేలికగా బోధపడిందా అంటే, లేదు. వారికీ ఒక పేరు దగ్గర చిక్కు వచ్చింది.

ఆ చిక్కు విడిన చోటు వేలూరు. చిత్తూరు జిల్లా తెలుగువారు వైద్యానికి వెళ్ళే అలవాటున్న ఊరే అది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో డాక్టర్ జేకబ్ చాందీ మెదడు, నరాల వ్యాధుల విభాగాన్ని నెలకొల్పాడు. మూర్ఛకు శస్త్రచికిత్స చేయడంలో లోకప్రసిద్ధుడైన వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద, కెనడాలోని మాంట్రియల్‌లో శిక్షణ పొందినవాడాయన. 1952లో వేలూరులో మూర్ఛరోగికి శస్త్రచికిత్స చేశాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. బిరుదుల సంగతి అంతటితో సరి. నాకు అంతకంటె గొప్పదిగా తోచినది ఆ విభాగంలో తరువాతి తరంవారు చేసిన పని.

మన దేశానికి సీటీ స్కాన్ వచ్చాక మూర్ఛరోగులలో ఒక వింత కనబడసాగింది. చాలామందికి మెదడులో ఒకే ఒక చిన్న మచ్చ, చుట్టూ వాపు. క్షయ మనకు కొత్తది కాదు గనుక, ఇది మెదడులో పుట్టిన క్షయగడ్డ అని చాలామంది వైద్యులు భావించారు. పేరు పెట్టడం ఒక్కక్షణం పని. ఆ పేరును మోసినవారు రోగులు. నెలల తరబడి క్షయమందులు మింగారు, వాటి ఖర్చు, కాలేయానికి వాటివల్ల కలిగే ముప్పు భరించారు. కొన్నాళ్ళకు మచ్చ మాయమయ్యేది, మందు పనిచేసిందనుకునేవారు. తాళాల గుత్తి కథకూ దీనికీ తేడా ఎంత? అయితే క్షయమందు ఇవ్వనివారిలోనూ ఆ మచ్చ పోవడం కొందరు వైద్యుల కంటబడింది. అప్పుడు అనుమానం పుట్టింది.

వేలూరులో డాక్టర్ మాథ్యూ చాందీ, డాక్టర్ వేదాంతం రాజశేఖర్ బృందం ఆ మచ్చలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించింది. అవి క్షయగడ్డలు కావు, బద్దెపురుగు పిల్లదశ మెదడులో చేరి చనిపోతూ మిగిల్చిన గుర్తులు. ఈ సంగతి 1989లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. 1993లో వారే రెండింటికీ తేడా చెప్పే కొలతలు ఇచ్చారు. అందులో ముఖ్యమైనది పరిమాణం: క్రిమివల్ల వచ్చిన మచ్చ 20 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. ఆ కొలతతో ఎందరికో క్షయమందు తప్పింది, తల తెరిచే పనీ తప్పింది.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ జె.ఎం.కె. మూర్తి బృందం ఇంకో ప్రశ్న వేసింది: అంతర్జాతీయ సంఘం మూర్ఛలకు చేసిన వర్గీకరణ మన రోగులకు సరిపోతుందా? రెండున్నర వేలకు పైగా రోగులను పరిశీలించి 1998లో ‘ఎపిలెప్సియా’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఈ క్రిమి మచ్చలు మనవాళ్ళలో ఎంత పెద్ద కారణమో అందులో తేలింది. రాజశేఖర్ బృందం వేలూరు ప్రాంతంలో 50 వేల మందికి పైగా జనాన్ని పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలలో, మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడింట ఒకవంతు మందికి మూలం ఇదేనని తేలింది.

ఇక్కడొక అపోహ. క్యాబేజీలోని పురుగు మెదడుకెక్కుతుందని మన ఇళ్ళలో చెప్పుకుంటారు. ఆకుపురుగుకు ఆ సామర్థ్యం లేదు. పంది మాంసంతో వచ్చే బద్దెపురుగు పేగులో ఉన్న మనిషి బహిర్భూమికి వెళితే, దాని గుడ్లు మట్టిలో, నీటిలో, సరిగా కడగని ఆకుకూరలో చేరతాయి. కనుక మాంసం ముట్టని ఇంట్లోనూ ఈ మూర్ఛ వస్తుంది. క్యాబేజీ మానడం కంటె మరుగుదొడ్డి, చేతులు కడుక్కోవడం ముఖ్యం.

ఇక చరకుడి సంగతికి వద్దాం. ఆయన విడివిడిగా ఉంచిన రెండు అధ్యాయాలను 1976లో మన పార్లమెంటు కలిపింది. హిందూ వివాహ చట్ట సవరణలో, పదేపదే ‘పిచ్చి లేదా మూర్ఛ’ వచ్చేవారు పెళ్ళికి అర్హులు కారన్నది. ఆ కారణంతో జరిగిన పెళ్ళిని రద్దు చేయమని కోర్టుకు వెళ్ళే వీలు కలిగింది. మూర్ఛ ఉన్న ఆడపిల్ల తండ్రికి ఇది ఎటువంటి పిడుగో చెప్పనక్కరలేదు. భారతీయ మూర్ఛరోగ సంఘం వైద్యులు ఏళ్ళ తరబడి పోరాడారు. 1999 డిసెంబరులో ‘లేదా మూర్ఛ’ అన్న రెండు మాటలను చట్టంనుంచి తొలగించారు.

చట్టం మారినా, పెళ్ళిచూపులకు ముందు మాత్రల డబ్బా దాచే ఇళ్ళు ఉన్నాయి. మాత్ర తప్పడం, నిద్ర చెడడం, ఈ రెండూ మూర్ఛను రప్పించేవే. పెళ్ళింట్లో ఆ మూడు రాత్రులూ రెండూ జరుగుతాయి.