వాల్తేరు మిట్టమీది విశ్వకళాపరిషత్తు

విశాఖపట్నంలో ఆటో ఎక్కి యూనివర్సిటీకి పోనిమ్మంటే "ఇన్‌గేటా, ఔట్‌గేటా?" అని అడుగుతారు. ఆ రెండు గేట్లూ మా ప్రాంతంలో బస్టాపుల పేర్లు, ఇళ్ల అడ్రసులకు గుర్తులు. ఒక పక్క సిరిపురం, ఇంకో పక్క మద్దిలపాలెం, దిగువన చినవాల్తేరు, పెదవాల్తేరు, అవి దాటితే సముద్రం. నడుమ 400 ఎకరాలకు పైబడిన ఆవరణ. మేము పెదవాల్తేరు వాళ్లం. కరకచెట్టు పోలమాంబ జాతర, యూనివర్సిటీలో అడ్మిషన్లు, ఈ రెండూ మా వీధులకు రద్దీ రోజులు. అక్కడ చదివినవాళ్లో, కొలువు చేసినవాళ్లో లేని వీధి మా దగ్గర ఉండదు.

1926 ఏప్రిల్ 26న ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే మా ఆంధ్రా యూనివర్సిటీకి, 2026 ఏప్రిల్ 26 నూరేళ్ల పండుగ. ఈ నూరేళ్ల ఎదుగుదల చెప్పడానికి భవనాల లెక్క, కోర్సుల లెక్క చాలవు. తాను నిలబడిన నేలను, ఎదుట ఉన్న సముద్రాన్ని, చుట్టుపక్కల మనుషుల మాటను శ్రద్ధగా చదివిన కాలంలోనే ఈ విద్యాసంస్థ పెద్దదైందని నా నమ్మకం. ఈ ఊరి మనిషిగా ఆ కథ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

విశ్వకళాపరిషత్తు పుట్టింది వాల్తేరులో కాదు, బెజవాడలో. తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం అది. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభలతో ప్రత్యేక రాష్ట్రం కోరిక ఊపందుకుంది. దాని వెంటే తెలుగువాళ్లకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరికా బలపడింది. మద్రాసు శాసనసభ చట్టం చేశాక కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అయ్యారు. ఇక కేంద్రం ఎక్కడ అన్న తగవు మొదలైంది. బెజవాడ, రాజమండ్రి, అనంతపురం పేర్లన్నీ నలిగాయి. చివరికి 1930లో వాల్తేరు మిట్టకు చేరింది. అప్పటికి విశాఖలో 1923 నాటి వైద్య కళాశాల ఉంది, ఏవీఎన్ కళాశాల ఉంది, 1933లో తెరుచుకోబోయే హార్బరు పనులు సాగుతున్నాయి. వాల్తేరు మాత్రం తెల్లదొరల బంగళాలు, ఎర్రమట్టి దిబ్బలు, కింద జాలరి పేటలు ఉన్న విడి గ్రామం.

మాకు దక్కినదాని వెనక ఇంకొకరి వెలితి ఉంది. దత్తమండలాలు, అంటే రాయలసీమ, మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో మొట్టమొదటి అంశం విశ్వవిద్యాలయమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఒక విద్యాకేంద్రం పెంచాలన్నారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేదాకా సీమకు సొంత విశ్వవిద్యాలయం లేదు. వాల్తేరు గొప్ప చెప్పుకునేటప్పుడు మేము ఈ సంగతి మరవకూడదు.

వాల్తేరుకు వచ్చిన ఏడాదే పెద్ద కుదుపు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా కట్టమంచి రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి 1936 దాకా ఉన్నారు. చేతిలో డబ్బు తక్కువ, చుట్టూ ఖాళీ మిట్ట. జయపురం మహారాజు ఏటా లక్ష రూపాయల విరాళంతో ఆదుకున్నారు. ఆ రోజుల్లో జయపురం సంస్థానం మా విశాఖ జిల్లాలోనే ఉండేది. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు జయపురం విక్రమదేవుని పేరు పెట్టారు.

రాధాకృష్ణన్ ఆ డబ్బును మొదట మనుషుల మీద పెట్టారు. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతం వచ్చారు. కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి వచ్చారు. ఆ తరవాతి కాలంలో కేంద్ర విద్యామంత్రి అయిన హుమాయూన్ కబీర్, పార్లమెంటులో పేరు మోసిన హీరేన్ ముఖర్జీ యువకులుగా ఇక్కడ పాఠాలు చెప్పారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి 'మనిషి' అన్న విషయం మీద ఉపన్యాసాలిచ్చారు. సొంత భవనాలు లేచీ లేవకముందే ఇంతమంది ఈ మిట్ట ఎక్కారు.

వాళ్లలో చాలామంది చేసిన మంచి పని ఒకటుంది. పెద్ద శాస్త్రాన్ని తెచ్చి దగ్గర ఉన్న వస్తువు మీద పెట్టారు. శేషాద్రి, ఆయన శిష్యులు పత్తిపూల రంగు ఎక్కడ నుంచి వస్తుందో వెతికారు. మన పొలాల్లో పూసి రాలిపోయే పువ్వు నుంచి వర్ణద్రవ్యాలను వేరుచేసి, వాటి అణునిర్మాణం తేల్చి, వరసగా పరిశోధన పత్రాలు రాశారు. ఇంకోపక్క భగవంతం, ఆయన సహచరుడు వెంకటరాయుడు కలిసి గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు ఎలా వాడాలో చెబుతూ ఇంగ్లీషులో పుస్తకం రాశారు. దాన్ని 1948లో ఇక్కడి విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. అట్టమీద వాల్తేరు పేరుతో ఆ పుస్తకం దేశదేశాల భౌతికశాస్త్రజ్ఞుల చేతుల్లోకి వెళ్లింది.

నడుమ యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. ఆవరణ సైన్యం చేతుల్లోకి పోయింది, తరగతులు గుంటూరుకు తరలాయి. మళ్లీ 1946లోగానీ వాల్తేరు చేరలేదు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఉపాధ్యక్షులుగా ఉన్న కట్టమంచి ఆ కష్టకాలాన్ని దాటించారు. అంత గందరగోళంలోనూ చదువు ఆగకపోవడం ఈ సంస్థ చరిత్రలో గర్వపడాల్సిన అధ్యాయం.

స్వాతంత్ర్యం తరవాతి ఇరవయ్యేళ్లు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం. అందులో చాలా ఏళ్లు వి.ఎస్.కృష్ణ ఉపాధ్యక్షులు. భూగర్భశాస్త్రంలో సి.మహదేవన్ ఆచార్యులు. మా కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ కొండల రాయి పేరు ఖొండలైటు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. తూర్పు కనుమల రాళ్లను జిల్లా జిల్లా తిరిగి చదివి పటాలు గీసినవాళ్లలో ఇక్కడి ఆచార్యులు, విద్యార్థులు ముందున్నారు.

1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చారు. మన దేశంలో అప్పటికి విశ్వవిద్యాలయాల్లో సముద్రశాస్త్రం చెప్పడమే అరుదు. ఆయన ఇక్కడి విద్యార్థులను వెంటబెట్టుకుని నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతంలోకి వెళ్లారు. ఏ లోతులో నీటి వేడి ఎంత, ఉప్పదనం ఎంత, వేసవి తొలినాళ్లలో గాలి తీరం వెంట వీచినప్పుడు అడుగునున్న చల్లటి నీరు పైకి ఎలా వస్తుంది అని కొలిచారు. వాల్తేరు ఇసుకతీరం ఏడాదిలో ఎప్పుడు కోతపడుతుందో, ఎప్పుడు మేటవేస్తుందో కూడా సహపరిశోధకుడు ప్రసాదరావుతో కలిసి లెక్కకట్టారు. ఇవన్నీ 1954లో విశ్వవిద్యాలయం సముద్రశాస్త్ర సంపుటంగా వెలువరించింది. ఆ తరవాత సముద్రం అడుగున బయటపడ్డ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. విశాఖ వాళ్లలో చాలామందికి ఆ లోయలున్నాయనే తెలియదు. ఇవాళ రామకృష్ణా బీచ్‌లో రోడ్డు అంచుదాకా కోత వస్తుంటే, పేపర్లన్నీ దాని గురించే రాస్తుంటే, అదే తీరాన్ని డెబ్బయ్యేళ్ల క్రితం కొలిచి రాసిపెట్టిన పుస్తకం మన దగ్గరే ఉందని నాకు గుర్తొస్తూంటుంది.

నేలను, నీటిని చదివినట్టే మాటనూ చదివారు. తెలుగు శాఖలో గంటి జోగి సోమయాజి 'ఆంధ్రభాషా వికాసము' రాశారు. ఇక్కడే చదివి ఇక్కడే పాఠం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు కొండలెక్కారు. కొండదొరలు మాట్లాడే కొండ భాషను, అంటే కూబిని, వాళ్ల నోట విని రాసుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం ఆయన వల్లే వచ్చింది. లిపి లేని మాట ప్రపంచ ద్రావిడ భాషాశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది వాల్తేరు దారిలోనే.

ఇక విద్యార్థుల సంగతి. వాళ్లు లేకపోతే ఇది ఉత్త కొండమిట్ట. 1930ల చివర దుర్గాబాయి రాజనీతిశాస్త్రం చదవడానికి వచ్చారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. హాస్టలు సంగతి నేను చూసుకుంటానని ఆవిడ తనలాంటి అమ్మాయిలను పోగుచేసి, ఇల్లు చూసి, హాస్టలు నడిపించి మరీ చదువుకున్నారు. రాజ్యాంగసభలో కూర్చున్న ఆ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆడపిల్లలకు ఈ ఆవరణలో చోటు సంపాదించిన తొలి తరం మనిషి. గణాంకశాస్త్రంలో లోకం మెచ్చిన సి.ఆర్.రావు గణితంలో ఎం.ఏ. చదివింది కూడా ఇక్కడే.

పుస్తకం, నాటకం ఇక్కడి విద్యార్థి జీవితానికి రెండు ఆసరాలు. లైబ్రరీని ఏళ్ల తరబడి సాకిన అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటక ప్రయోక్త. రిజిస్ట్రారు కె.వి.గోపాలస్వామి అనుబంధ కళాశాలలన్నిటికీ నాటక పోటీలు పెట్టించారు. ఇచ్ఛాపురం నుంచి గుంటూరు దాకా కుర్రాళ్లు మేకప్ పెట్టెలు మోసుకుని వాల్తేరు వచ్చేవారు. పద్య నాటకాలు తప్ప తెలియని ఊళ్లకు ఏకాంకిక అలవాటైంది ఈ పోటీల వల్లనే అని పాతతరం నటులు చెబుతారు.

రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం రాష్ట్రమంతా మోగింది. మా ఊళ్లో ఆ ఉద్యమాన్ని నడిపినవాళ్లలో విద్యార్థులు ముందు వరసలో ఉన్నారు. నవంబరు 1న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1970లో కేంద్రం కర్మాగారాన్ని ప్రకటించింది. ఈ ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ రావడంలో ఈ ఆవరణ విద్యార్థుల చెమట, నెత్తురు రెండూ ఉన్నాయి.

ఆ తరవాత విశ్వవిద్యాలయం పెరుగుతూ పంచుకుంటూ పోయింది. 1967లో గుంటూరులో పెట్టిన పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. రాజమండ్రిలో 2006లో ఆదికవి నన్నయ, ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1972లో మొదలైన కరస్పాండెన్సు కోర్సులతో గుమస్తాలు, టీచర్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఇంట్లోనే ఉండి డిగ్రీలు సంపాదించారు. సొంత పరిధి తగ్గినా చదువు పరిధి పెరిగింది. తల్లి సంస్థకు అంతకన్నా మంచి పేరు ఉండదు.

ఇవాళ ఔట్‌గేటు దగ్గర నిలబడితే పార్వతీపురం, పాలకొండ, పాడేరు నుంచి వచ్చిన పిల్లలు కనిపిస్తారు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనుషులు వాళ్లలో ఎందరో. హాస్టల్లో చోటు దొరకనివాళ్లు శివాజీపాలెం, మద్దిలపాలెం గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకుంటారు. తెల్లారకముందే వి.ఎస్.కృష్ణ లైబ్రరీ దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలతో బారులు తీరతారు. సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక టీ, మళ్లీ చదువు. 2014లో హుద్‌హుద్ తుపాను ఆవరణలోని పెద్ద చెట్లను కూల్చేసినప్పుడు కొమ్మలు లాగి దారి చేసుకున్నదీ ఇలాంటి పిల్లలే. వాళ్ల పట్టుదలకు సాటి ఈ ఊళ్లో ఇంకొకటి లేదు.

ఆ పట్టుదలకు తగినట్టు మనం ఇవ్వవలసింది ఇస్తున్నామా అన్నదే నా బెంగ. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి నిండటం లేదు. రిటైరైనవారి స్థానంలో గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లు పాఠాలు నెట్టుకొస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు. కానీ సముద్రాన్ని పదేళ్లు వెంటాడాలన్నా, కొండభాషకు వ్యాకరణం రాయాలన్నా వచ్చే ఏడాది తన కొలువు ఉంటుందన్న భరోసా కావాలి. కంప్యూటర్ కోర్సుల చుట్టూ రద్దీ పెరుగుతున్న ఈ రోజుల్లో భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం, భాషాశాస్త్రం లాంటి శాఖలు చిక్కిపోకుండా చూసుకోవాలి. ఈ విశ్వవిద్యాలయానికి పేరు తెచ్చినవి అవే.

నూరేళ్ల పండుగ సందర్భంగా ఈ ఊరివాళ్లుగా మనం మూడు కోరికలు గట్టిగా అడగాలి. ఖాళీ పోస్టులన్నీ శాశ్వత నియామకాలతో నింపాలి. సముద్రం, కొండలు, గిరిజన భాషల మీద ఇక్కడ జరిగిన పరిశోధనను తెలుగులో తేలిక పుస్తకాలుగా వేసి, ఉత్తరాంధ్ర జిల్లాల బడులకు పంపాలి. దూరం నుంచి వచ్చిన పేదపిల్ల ఎవరికీ హాస్టలు లేదన్న మాట వినిపించకూడదు. ఆ మాట దుర్గాబాయి రోజుల్లోనే అయిపోవాలి. ప్రభుత్వాలు విన్నా వినకపోయినా, ఇక్కడ చదివి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు ఒక్కొక్కరు తమ శాఖకు ఒక విద్యార్థి చదువు ఖర్చు భరించినా చాలు. జయపురం మహారాజు లక్షతో మొదలైన పని మనందరి పదులతో, వందలతో ముందుకు సాగుతుంది. చదివినవాళ్లందరూ ఈ మాట ఆలోచించాలని ఒక వాల్తేరు మనిషిగా కోరుకుంటున్నాను.