కరవు కాలంలో తేనెటీగలకు మేత

తేనెటీగ తేనెను మన కోసం కూడబెట్టదు. పూలు దొరకని రోజుల్లో తన కుటుంబం బతకడానికి కూడబెడుతుంది. ఆ తేనెను మనిషి తీసేసుకుంటే ఈగలు ఏం తిని బతకాలి? తేనెటీగల పెంపకం ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నను గుర్తుంచుకోవాలి.

ప్రాచీనులకూ ఈ ప్రశ్న ఎదురైంది. క్రీస్తుశకం 1వ శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో ఒక ఉపాయం చెప్పాడు. ఎండు అంజూర పండ్లను దంచి నీళ్లలో కలపాలి. అందులో శుభ్రమైన ఉన్నిని తడిపి ఈగలకు అందుబాటులో ఉంచాలి. ఈగలు ఉన్ని మీద నిలబడి తీపి రసాన్ని పీల్చుకుంటాయి.

అయితే యూరప్‌లో ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలపాటు తేనె తీయడమంటే చాలాచోట్ల ఈగలను చంపడమే. గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగలను పెంచేవారు. పట్టు బుట్ట గోడలకు అతుక్కుని ఉండేది. గంధకం పొగ పెట్టి ఈగలను చంపి, పట్టును కోసుకునేవారు. చచ్చిన ఈగలకు మేత అక్కర్లేదు కదా!

1851లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ ఈ పద్ధతిని మార్చే మార్గం కనిపెట్టాడు. ఈగ నడవడానికి సరిపడేంత సందు, అంటే సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్లు వదిలితే, ఈగలు దాన్ని మైనంతో పూడ్చవని గ్రహించాడు. ఆ కొలతతో, చట్రాలను విడివిడిగా పైకి తీయగల పెట్టెను తయారుచేశాడు. 1865లో హ్రుష్కా, పట్టు చెడకుండా గిర్రున తిప్పి తేనె తీసే యంత్రాన్ని రూపొందించాడు. దీంతో ఈగలు బతికి ఉండగానే వాటి నిల్వ మనిషి చేతికి వచ్చింది. వాటికి తిండి చూసే బాధ్యతా మనిషి మీదే పడింది. చక్కెర చౌకయ్యేకొద్దీ పాకం పెట్టడం పెరిగింది.

మన దేశంలో ఈ బాధ్యత మరింత పెద్దది. 1910 దశకంలో తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ మన ఈగకు తగిన చిన్న పెట్టెను రూపొందించి, పల్లె ప్రజలకు పెంపకం నేర్పాడు. చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే ఈ భారతీయ తేనెటీగకు ఒక స్వభావం ఉంది. తిండి తగ్గితే కుటుంబమంతా పెట్టెను వదిలి ఎగిరిపోతుంది. పెంపకందారుడికి ఖాళీ పెట్టె మిగులుతుంది.

కేరళ, కన్యాకుమారి ప్రాంతాల రబ్బరు తోటలే ఇందుకు ఉదాహరణ. జనవరి నుంచి మార్చి వరకు రబ్బరు లేత ఆకుల కాడల దగ్గరున్న గ్రంథుల నుంచి మకరందం ఊరుతుంది. ఈగలకు అది పండుగ కాలం. తర్వాత ఆకులు ముదురుతాయి, వానలు మొదలవుతాయి, మేత కరవవుతుంది. అప్పుడు చక్కెర, నీరు సమభాగాలుగా కలిపిన పాకాన్ని చల్లార్చి, సాయంత్రం వేళ పెట్టె లోపల ఉంచుతారు. బయట ఒలికితే ఆ వాసనకు ఇతర పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. అందుకే అన్ని పెట్టెలకూ ఒకేసారి పెడతారు. బెల్లం పాకం వాడరు, దానివల్ల ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. పాకం శక్తినే ఇస్తుంది. పిల్ల ఈగలు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు పుప్పొడి నుంచే రావాలి. అది లేనప్పుడు సోయా పిండి వంటివి కలిపిన ముద్ద పెడతారు.

ఇక్కడొక హద్దు ఉంది. పూలు విరివిగా ఉన్న కాలంలో పాకం పెడితే ఈగలు దాన్ని పట్టులో నింపుతాయి. అదే తేనె పేరుతో సీసాల్లోకి చేరుతుంది. అది కల్తీ. కరవులో ఈగను బతికించిన పాకమే పంటకాలంలో కొనేవారిని మోసం చేస్తుంది. కాబట్టి పాకం ఎప్పుడు పెట్టాలో తెలిసినవాడు, ఎప్పుడు ఆపాలో కూడా తెలుసుకోవాలి. అన్నిటికన్నా మంచి మేత మాత్రం తేనె తీసేటప్పుడు ఈగల కోసం వదిలిన భాగమే.