ఆల్కహాల్ ఇంటర్‌లాక్

ఆల్కహాల్ ఇంటర్‌లాక్ అనేది మద్యం సేవించిన వ్యక్తి వాహనం నడపకుండా నిరోధించే పరికరం. దీనిని ఇంజను స్టార్టరుకు అనుసంధానిస్తారు. చోదకుడు గొట్టంలోకి ఊదిన శ్వాసలో ఆల్కహాలు నిర్ణీత పరిమితిని మించితే ఇంజను ప్రారంభం కాదు. పోలీసుల తనిఖీ వాహనం రోడ్డెక్కిన తరువాత జరుగుతుంది. ఈ పరికరం అంతకు ముందే అడ్డుపడుతుంది.

పనిచేసే విధానం

రక్తంలో కలిసిన ఆల్కహాలులో కొంత భాగం ఊపిరితిత్తులలో ఆవిరై శ్వాసతో బయటకు వస్తుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల శ్వాసలోని ఆల్కహాలు 1 మిల్లీలీటరు రక్తంలోని ఆల్కహాలుకు సమానమని లెక్కిస్తారు. ఇంటర్‌లాక్‌లలో సాధారణంగా ఫ్యూయల్ సెల్ సెన్సారును వాడతారు. ఇందులోని ప్లాటినం ఎలక్ట్రోడు వద్ద ఇథైల్ ఆల్కహాలు ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. అప్పుడు వెలువడే విద్యుత్తు ఆల్కహాలు పరిమాణాన్ని సూచిస్తుంది. ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టులలో కనిపించే ఎంక్యూ-3 సెన్సారు టిన్ ఆక్సైడుతో తయారైనది. ఇది చవకైనదే కాని ఇతర ఆవిరులకు కూడా స్పందిస్తుంది.

మద్యం తాగని వారి చేత ఊదించి మోసగించే అవకాశం ఉన్నందున ప్రయాణం మధ్యలో కూడా పరీక్షలు జరుగుతాయి. వాటిలో విఫలమైతే ఇంజను ఆగదు. నడుస్తున్న బండి ఆగితే ప్రమాదం కదా! పరికరం ఆ విషయాన్ని నమోదు చేసి హెచ్చరిక చేస్తుంది.

చరిత్ర

1954లో అమెరికాకు చెందిన రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ బ్రెతలైజరును రూపొందించాడు. 1986లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇంటర్‌లాక్‌ల ప్రయోగాత్మక వినియోగానికి చట్టం చేసింది. స్వీడన్‌లో 1999లో ఇటువంటి ప్రయోగం మొదలైంది. గొట్టంలో ఊదనవసరం లేకుండా సహజ శ్వాసను గాని, వేలి స్పర్శను గాని పరారుణ కిరణాలతో పరీక్షించే పద్ధతిపై అమెరికాలో 2008లో పరిశోధన ప్రారంభమైంది.

భారతదేశంలో చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్న వ్యక్తి వాహనం నడపడం నేరం. 2019 సవరణ ప్రకారం మొదటి నేరానికి 6 నెలల వరకు జైలు, లేదా రూ. 10,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

పరిమితులు

ఆల్కహాలు కలిగిన మౌత్‌వాష్‌తో పుక్కిలించిన వెంటనే ఊదితే ఫలితం తప్పుగా రావచ్చు. గంజాయి వంటి ఇతర మత్తు పదార్థాలను గాని, నిద్రమత్తును గాని ఈ పరికరం గుర్తించలేదు. పరికరం అమర్చి ఉన్నంత కాలం మళ్ళీ నేరం చేయడం తగ్గుతుందని, తొలగించిన తరువాత ఆ ప్రభావం నిలవదని అధ్యయనాలు చెబుతున్నాయి. అందువలన మద్యపాన వ్యసనానికి చికిత్స కూడా తోడు కావడం అవసరం.