ఒక కొక్కెము, ఒక దారము: చేతి లేసు కథ

నూలుతో వస్త్రము చేయు పద్ధతులు పెక్కు కలవు. మగ్గముపై పడుగును పేకను కలిపి నేయుట ఒకటి. రెండు పొడవైన సూదులతో ఉన్ని చొక్కాలు అల్లుట మరియొకటి. చివర కొక్కెము గల చిన్న సూదితో, ఒకే దారముతో, ఉచ్చులోనుండి ఉచ్చును లాగుచు లేసు అల్లుట ఇంకొకటి. దీనినే క్రోషే అందురు. మొదటి రెండు పనులను యంత్రములు ఏనాడో వశపరచుకొన్నవి. మూడవది మాత్రము ఈనాటికిని మనిషి చేతిలోనే నిలిచియున్నది. నిజమైన క్రోషే లేసు ఎక్కడ కనిపించినను, అది లంగా కానిండు, బల్లగుడ్డ కానిండు, దానిలోని ప్రతి కుట్టును ఎవరో ఒకరు చేతితో వేసినదే. యంత్రమునకు లొంగని పనికి మంచి వెల పలుకవలెను గదా? చరిత్ర ఇందుకు విరుద్ధముగా నడచినది. దానికి కారణము తెలిసికొనదగినది.

పుట్టుక

క్రోషే అనునది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెమని దాని అర్థము. ఈ పని అతి ప్రాచీనమైనదని తోచును గాని, ఐరోపాలో 1800 సంవత్సరమునకు ముందు ఇది ఉన్నట్లు నమ్మదగిన ఆనవాళ్లు దొరకలేదని డెన్మార్కు పరిశోధకురాలు లిస్ పాలుడాన్ తేల్చినారు. హాలండులో 1820ల ఆరంభమున వెలువడిన ‘పెనెలోపే’ అను స్త్రీల పత్రికలో అచ్చయిన నమూనాలే, తెలిసినంతలో, మొట్టమొదటివి.

దీనికి మూలము తూర్పుదేశములలో ఉండవచ్చునని పలువురు చరిత్రకారుల ఊహ. చట్రమునకు బిగించిన బట్టను కొక్కెపు ఆరెతో పొడిచి, అడుగునుండి దారమును ఉచ్చుగా పైకి లాగి, గొలుసువలె కుట్టుకొనిపోవు పని మన దేశమున ఆరీ పని యను పేర ప్రసిద్ధము. కచ్ఛ్ ప్రాంతపు మోచీలు ఇందులో ఆరితేరినవారు. ఇట్టి కుట్టుపని 18వ శతాబ్దిలో ఐరోపాలో వ్యాపించి ‘తాంబూరు’ పని అనిపించుకొన్నది. గుండ్రని చట్రమున బిగించిన బట్ట డోలువలె నుండుటచే ఆ పేరు వచ్చినది. కొంతకాలమునకు అడుగుబట్టను తీసివైచి, గాలిలోనే ఉచ్చునకు ఉచ్చు తగిలించుట ఆరంభమై, అదియే క్రోషే అయినదని వారి అభిప్రాయము.

ఆకలి నేర్పిన విద్య

ఈ పని వినోదము నుండి జీవనోపాధిగా మారినది ఐర్లండులో. 1845లో ఆ దేశమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకినది. బూజువంటి ఒక సూక్ష్మజీవి దానికి కారణము. బీదలకు ఆ దుంపయే ఆహారము. తరువాతి ఏడేండ్లలో సుమారు పదిలక్షలమంది ఆకలిచేతను, రోగములచేతను మరణించినారు. మరి పదిలక్షలమంది దేశము విడిచిపోయినారు.

ఆ దినములలో కార్కు నగర సమీపమున గల క్రైస్తవ సన్యాసినుల మఠమునందు బీద బాలికలకు క్రోషే నేర్పిరి. క్లోన్స్ అను ఊరిలో 1847లో కసాండ్రా హ్యాండ్ అను మతాచార్యుని భార్య ఇట్టి శిక్షణనే ప్రారంభించినది. ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియేర్ అను ఆమె వెనిసు నగరపు సూదిలేసును క్రోషేలో అనుకరించు నమూనాలను పుస్తకములుగా ప్రచురించినది. సూదిలేసు అల్లుటకు పట్టు కాలములో కొద్దిపాలు మాత్రమే దీనికి పట్టును. చట్రము అక్కరలేదు, దిండు అక్కరలేదు. కొక్కెము, దారపు ఉండ ఉన్న చాలును, పూరిగుడిసెలో పొయ్యి ప్రక్కన కూర్చుండియు అల్లవచ్చును. ఒకరు గులాబీలను, మరియొకరు ఆకులను అల్లగా, వేరొకరు వానిని జోడించెడివారు. అనేక కుటుంబములు ఈ సంపాదనతో ఆ గడ్డుకాలమును దాటినవి. కొందరికి అది ఓడ టిక్కెట్టు ఖర్చైనది.

యంత్రము ఎందులకు చేయలేకపోయినది?

ఆనాటికే ఇంగ్లండులో లేసు యంత్రములు నడచుచున్నవి. జాన్ హీత్‌కోట్ 1808, 1809 సంవత్సరములలో వల అల్లు యంత్రమునకు హక్కులు పొందియుండెను. మేజోళ్ల అల్లిక యంత్రము మరింత పాతది. దానిని విలియం లీ 1589లోనే నిర్మించినాడు. ఆ అల్లికలో ఒక వరుసలోని ఉచ్చులన్నియు సూదులపై బారులుదీరి యుండును. కనుక వందల సూదులు అమర్చి, వరుసనంతయు ఒక్కమారుగా నడపవచ్చును.

క్రోషేలో అట్లు కాదు. ఏ క్షణముననైనను విడివడి యుండు ఉచ్చు ఒక్కటే. అది ముగిసిన తరువాతనే మరియొకటి. పైగా ప్రతి కుట్టును ప్రక్క కుట్టుతోను, క్రింది వరుసతోను పెనవేసికొనును. వ్రేలాడుచున్న మెత్తని అల్లికలో కొక్కెము దూరవలసిన సందును వ్రేళ్లే తడివి కనుగొనవలెను. ఇటీవలి సంవత్సరములలో జర్మనీలోని బీలెఫెల్డ్ నగర పరిశోధకులు ఒక నమూనా యంత్రముచే సామాన్యమైన కుట్టులను వేయించగలిగినారు గాని, అది చేతి నేర్పునకు చాల దూరము.

అసలును చేయలేని యంత్రము దాని పోలికను మాత్రము చేసినది. జర్మనీలోని ప్లౌయెన్, స్విట్జర్లండులోని సెయింట్ గాలెన్ పట్టణములలో 1880ల నాడు ఒక ఉపాయము కనుగొనిరి. బట్టపై యంత్రముతో దట్టముగా పూలపని కుట్టి, పిమ్మట రసాయనముచే అడుగుబట్టను కరిగించి వేయుదురు. మిగిలిన దారములు లేసువలె కనిపించును. ఐర్లండు క్రోషేను పోలిన లేసు ఇట్లు గజములకొలది వెలువడినది. కొనువాడు దూరమునుండి చూచి రెంటిని ఒకటే యనుకొనును. కావున నకిలీ వెలయే అసలు వెలను శాసించినది.

ఒక లంగా లెక్క

చేతి శ్రమ ఎంతయో తెలియవలెనన్న, లేసు లంగా నొకదానిని ఉదాహరణగా తీసికొనవచ్చును. నడుము చుట్టుకొలత 70, క్రింది అంచు చుట్టుకొలత 210, పొడవు 60 సెంటీమీటర్లనుకొందము. సెంటీమీటరునకు మూడు కుట్టులైనచో నడుము వద్ద 210 కుట్టులు, అంచువద్ద 630 కుట్టులు పట్టును. వరుస ఎత్తు 0.6 సెంటీమీటరు అయిన, మొత్తము 100 వరుసలు. సగటున వరుసకు 420 చొప్పున 42,000 కుట్టులు. నిమిషమునకు 20 కుట్టులు వేయు చేతికి ఇది 35 గంటల పని. దారము సగము సన్ననిదైనచో, అడ్డముగను నిలువుగను కుట్టులు రెట్టింపై, పని నాలుగింతలగును. అప్పుడు 140 గంటలు కావలెను.

ఇందులో క్షేత్రగణితమును కలదు. నడుమునుండి అంచు వరకు 420 కుట్టులు పెరుగవలెను, అనగా వరుసకు నాలుగు చొప్పున. ఏ వరుసలోను పెంపకున్నచో అల్లిక గొట్టమగును. వరుసకు నాలుగు పెంచిన శంకువువలె విచ్చుకొని లంగా అగును. సుమారు పదకొండు పెంచినచో బల్లపై పరచిన చక్రమువలె చదునగును. ఏలయన వ్యాసార్ధము 0.6 సెంటీమీటరు పెరిగినపుడు చుట్టుకొలత 3.8 సెంటీమీటర్లు పెరుగవలెను. అంతకు మించి పెంచిన చోటులేక అంచు కుచ్చులుగా ముడుతలు పడును. ప్రతి ఐదు కుట్టులకొకటి చొప్పున పెంచుకొనిపోయిన, లొబచేవ్‌స్కీ, బోల్యాయి అను గణితజ్ఞులు 19వ శతాబ్దిలో ఊహించిన వింత తలము చేతికి దొరకును. కాగితముతో చేసిన నమూనాలు చినిగిపోవుచుండగా, లాట్వియాలో పుట్టిన డైనా తైమిన్యా 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున దీనిని క్రోషేతో అల్లి చూపినారు. లేసు అల్లు స్త్రీలు కుచ్చుల అంచులో ఎరుగకయే చేయుచు వచ్చినది ఇదియే.

గోదావరి తీరమున

మన దేశమున క్రోషేకు పేరెన్నికగన్న చోటు పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము. ఈ విద్యను ఇచ్చటి స్త్రీలకు నేర్పినవారు 19వ శతాబ్దిలో వచ్చిన క్రైస్తవ మిషనరీలు. కాలక్రమమున చుట్టుప్రక్కల గ్రామములన్నింటికి ఇది ప్రాకినది. ఐర్లండులోవలెనే ఇక్కడను పని పంపకమున్నది. ఒకరు పూలు అల్లుదురు, దానికి చేతిపని యని పేరు. వానిని కలుపుట అతుకుపని. దారమిచ్చి, అల్లినది తీసికొనిపోవువాడు ఏజెంటు. అతనిపైన ఎగుమతి వర్తకుడు. ఆ పైన విదేశపు అంగడి.

జర్మనీ సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1970లలో ఇక్కడ పరిశోధన జరిపి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినారు. ఇంటిపనికి తోడు రోజుకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లు స్త్రీలను ఆమె చూచినారు. అయినను వారిని కార్మికులని ఎవరును అనలేదు. ‘ఇంట కూర్చుండు ఆడవారు తీరిక వేళ చేసికొను పని’ అనియే లోకము తలచినది. గోషా మర్యాదను పాటించు కుటుంబములలో గడప దాటకుండ సంపాదించుటకు ఇది ఒక్కటే మార్గమగుటచే, ఇచ్చినంత పుచ్చుకొనక తప్పలేదు. వారి కూలి పొలము కూలికన్నను తక్కువ. ఎగుమతి లాభము పురుషులైన వర్తకులది.

మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము ఇక్కడ దొరకును. పనికి వెల దాని కష్టమునుబట్టి గాక, చేయువారి నిస్సహాయతనుబట్టి ఏర్పడినది. ఐర్లండులో ఆకలి, నరసాపురమున గడప, రెండు చోట్లను నకిలీ లేసు పోటీ, ఇవియే వెలను నిర్ణయించినవి. యంత్రము రాకపోవుట ఒక్కటే చేతిని కాపాడలేదు.

2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. వేరొకచోటి సరకును ఈ పేరుతో అమ్ముట ఇక చట్టవిరుద్ధము. ఈ గుర్తింపు పేరును కాపాడును గాని కూలిని నిర్ణయింపదు. కూలి నిర్ణయమునకు కావలసినది కష్టమైన గణితము కాదు. కుట్టులెన్ని, గంటలెన్ని అను కూడిక మాత్రమే. లంగాను చేతిలోనికి తీసికొనువారు వెలతోపాటు ఆ 35 గంటలను కూడ అడుగుట అలవరచుకొన్ననాడు, ఈ కొక్కెపు సూదికి తగిన గౌరవము దక్కును.