బట్ (ఆంగ్ల సముచ్చయం)

ముందు చెప్పినదానికి భిన్నమైన మాటను జతచేసే ఆంగ్ల పదం. తెలుగులో సాధారణంగా ‘కానీ’, ‘అయితే’ అంటాం. ‘నాట్ రెడ్ బట్ బ్లాక్’ వంటి చోట్ల మాత్రం ‘ఎరుపు కాదు, నలుపు’ అంటే చాలు, సముచ్చయం అక్కర్లేదు.

పుట్టుకలో దీనికి విరోధార్థం లేదు. ప్రాచీన ఆంగ్లంలోని ‘బూటన్’ దీని మూలం. ‘దగ్గర’ అనే అర్థమిచ్చే ‘బె’, ‘బయట’ అనే అర్థమిచ్చే ‘ఊటన్’ కలిసి ఏర్పడిన మాట అది. డచ్ భాషలోని దీని సోదర పదానికి నేటికీ ‘బయట’ అనే అర్థం. స్కాట్లండ్‌లో రెండు గదుల పల్లె ఇంటిని ‘బట్ అండ్ బెన్’ అంటారు. బట్ బయటి గది, బెన్ లోపలిది. ‘అబౌట్’ కూడా ఈ కుటుంబానిదే.

‘బయట’ నుంచి ‘మినహా’, దాని నుంచి ‘కానీ’ వచ్చాయి. ప్రాచీన ఆంగ్లంలో ‘కానీ’ అనడానికి ‘అక్’ ఉండేది; మధ్యయుగాల్లో బట్ దాన్ని నెట్టేసింది. పాత ‘మినహా’ అర్థం పూర్తిగా పోలేదు. భారత ప్రమాణాల చట్టం, 1969లోని సాక్షి ప్రమాణంలో ‘నథింగ్ బట్ ద ట్రూత్’ అంటే సత్యం తప్ప మరేమీ కాదని. ‘లాస్ట్ బట్ వన్’ చివరి నుంచి రెండోది. ‘ఆల్ బట్’ అంటే దాదాపు. కొత్తవారిని తికమకపెట్టేది ఇదే. ‘కేవలం’ అనే అర్థంలో బట్ వాడుక ఇప్పుడు గ్రాంథికం.

బట్‌తో వాక్యం మొదలుపెట్టకూడదన్న బడి నియమానికి వ్యాకరణ బలం లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో అలాంటి వాక్యాలు కోకొల్లలు.