పల్నాటి తల్లుల పెత్తనము

పల్నాటి చరిత్రలో అధికారము నెరపిన స్త్రీని వెదకువారికి ముందుగా కనబడునది గురజాలలో నలగామరాజునకు మంత్రిణియైన నాయకురాలు నాగమ్మ. పన్నెండవ శతాబ్దమునాటి కలహమును పాడిన వీరగాథ, మాచర్ల పక్షమున ఎత్తులు పన్నిన బ్రహ్మనాయుని ధర్మమూర్తిగా కీర్తించి, ఎత్తుకు పైయెత్తు వేసిన నాగమ్మను మాత్రము కుటిలగా నిలిపినది. ఒకరి తల్లిగానో, ఇల్లాలిగానో గాక తన పేరిటనే రాజ్యము నడపుటయే ఆమె చేసిన నేరమని నా యభిప్రాయము. తరువాతి తరములవారు పెత్తనము విడువలేదు గాని, దానిని తల్లిరికపు చాటున నెరపిరి.

నాగార్జునసాగర్ కుడికాలువకు 1967లో నీరు వదలిన పిదప ప్రత్తి, మిరప సాగు విస్తరించి, తల్లులు ఇంట నెరపిన ఈ పెత్తనము కళ్ళముదాక సాగినది. ఎండిన కాయల రాశి చెంత కూలివారితోపాటు తానును కూర్చుండి, రంగు చెడిన తాలుకాయలను వేరుచేయుచు, ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరికి కూలిడబ్బు ముందుగా కావలెనో కనిపెట్టి, అక్కా, వదినా, పిన్నీ యని వరుసలు కలిపి పని సాగించుట రైతు ఇంటి తల్లి నేర్పు. ఆజ్ఞ మరుగునపడి ఆప్యాయత ముందునకు వచ్చెడిది. ఆ వరుసలు కూలిరేటును మాత్రము పెంచలేదనుట మరువరాదు! సరకు గుంటూరు యార్డు చేరినంతనే బేరము మగవారిది, చీటీ భర్త పేరిటిది.

చట్టము మెల్లగా కదలినది. 1937లో వితంతువునకు లభించిన పరిమితహక్కు 1956లో సంపూర్ణహక్కయ్యెను. ఆంధ్రప్రదేశ్ సవరణచట్టము 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహము కాని కుమార్తెలకు పిత్రార్జితమున కుమారులతో సమభాగ మొసగెను.

1982లో ఆరంభమైన డ్వాక్రా, 1992 నాటి సారావ్యతిరేకోద్యమానంతరము పొదుపుసంఘముల వెల్లువతో ఊరూర వేళ్ళూనినది. రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టిన ఆ సంఘములలోను పాతమర్యాదయే పనిచేసినది: నాయకురాలు అక్కయ్యెను, వాయిదా తప్పినచో బ్యాంకు నోటీసుకన్న తోడిసభ్యుల యెదుట మాటపడుదుమన్న బెదరే మిన్నయయ్యెను. హామీ లేని ఋణమునకు ఈ మర్యాదయే హామీ. కష్టము వచ్చిన యిల్లాలికి అదియే ఉరియు నగును.

నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. పచ్చళ్ళు, కారము, కుట్టుపని, పాడి నడపు తల్లులను సంఘసభ్యులుగా మాత్రమే గాక స్వతంత్రవ్యాపారిణులుగా గుర్తించి, భర్త సంతకము కోరక వారి పేరిటనే ఋణపత్రములు వ్రాయవలసినదిగా ఇచ్చటి బ్యాంకుల యధికారులకు నా మనవి.